నా చావు కబురు నాకే చెప్పాలి

నా చావు కబురు అందరికంటే ముందు విన్నది ఎవరు? చదువుతున్నవారలారా, చెప్పండి! నేను కాదు. నా తమ్ముడు!

సైకిళ్ళు బాగుచేసుకుంటూ, పరిశుద్ధ గ్రంథాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకుని, వీధి మొగలో వాక్యం చెప్పే నేను, ఒళ్ళు వడలినా బుద్ధి చెదరక, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఈ ఆసుపత్రి మంచం మీద రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు.

1. షాపు, పనిముట్లు, మేముంటున్న రెండు గదులు సర్వహక్కులతో నా భార్యకు. మంచంలో కిటికీ వైపు కూడా ఆమెకే. పెళ్ళయిన నాటి నుంచి అడుగుతోంది. ఈ వీలునామా అమలు చేయవలసిందీ ఆమే. అయితే ఒక మాట. నా దగ్గర "ఏం లేదండీ, నీరసం, అంతే" అని నవ్వుతుంది. వరండాలోకి పోయి తమ్ముడి ముందు ఏడుస్తుంది. తలుపు అద్దంలోంచి చూశాను. నా కోసం ఏడ్చే ఏడుపు కూడా వాడికే దక్కింది!

2. నా మొదటి సైకిలును నాన్న "చిన్నోడురా, ఇచ్చెయ్" అని తమ్ముడికిప్పించాడు. బెల్లు మాత్రం ఊడదీసి దాచుకున్నాను. ఆ బెల్లు వాడికి. అన్నకు రావలసిన దీవెన తమ్ముడు కొట్టేసిన కథ గ్రంథంలో ఉంది. అది బోధించినప్పుడల్లా నా కళ్ళు జనంలో వీణ్ణే వెతికేవి.

3. డాక్టరుగారు వాడి భుజం మీద చెయ్యి వేసి నా రోగం సంగతి చెప్పారు. "అన్నయ్య తట్టుకోలేడు సార్, చెప్పకండి" అన్నాడట. నర్సమ్మే నోరు జారి ఇది నాకు చెప్పేసి, "మన ఇళ్ళల్లో అంతే కదా పెద్దాయనా, పేషెంటుకి ఆఖర్న చెప్తారు" అని సర్దింది. ఎందరి మంచాల పక్కన నిలబడి "సిద్ధపడు!" అని గర్జించాను! నేను తట్టుకోలేనా? నా గొంతులో గొట్టం వేసి మిషను మీద ఉంచడానికి రేపు వాడు సంతకం పెడతాడట. అది చెల్లదు. నొప్పికి మందివ్వండి. గొట్టం వద్దు. ఊపిరి ఆడినంతసేపూ నా నోరు ఆడాలి.

4. గ్రీజు చేతులకు అంచులు నల్లబడిన నా గ్రంథం తమ్ముడికే. ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కావడం లేదు, అదే నా కడుపుమంట. షరతు ఒకటే: నా మంచం మీద కూర్చుని, నా రోగం పేరు వాడి నోటితో నాకు చెప్పాలి. లేదంటే గ్రంథం నాతోపాటే మట్టిలోకి.

రాసింది: ఆదివారం పొద్దున
సంతకం: సైకిల్ షాపు బోధకుడు
సాక్షులు: పక్క మంచం దర్జీ, వార్డు తుడిచే అక్క

తమ్ముడూ, వరండాలో నిలబడింది చాలు. రేపు నీ సంతకం నాకొద్దు. ఇవాళే, ఇప్పుడే, తలుపు తోసుకుని లోపలికి రా. చెప్పు!