మంగళవారం విమానం

6 ఫిబ్రవరి 2007, మంగళవారం

ఉదయం ఎనిమిదిన్నరకు ఫోన్ వచ్చింది. షార్జా ఫ్లైట్ క్యాన్సిల్. ఈ నెల పదిహేనులోపు అక్కడ దిగకపోతే సాయిలు వీసా పోతుంది. పోయిన ఆగస్టులో అక్కడ బిల్డింగ్ పనిలో కిందపడి, కాలు విరిగి వచ్చాడు. ఆరు నెలలు దాటి బయట ఉంటే వీసా రద్దు. అక్కడి రూల్ అది.

ఫోన్ ఎత్తింది ప్రేమ్‌చంద్. పెర్కిట్ చౌరస్తాలో నా ఆఫీసు గది కిందే అతని ట్రావెల్స్. ఏడాదిగా హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు రెండు చౌక కంపెనీలు పోటీ పడుతున్నాయి. ఒకదాని విమానం తోక నీలం, కొత్తదాని తోక పసుపు. పసుపు పండించే ఆర్మూర్ వాళ్లు ఏ రంగు వైపు మొగ్గుతారో చెప్పనక్కర్లేదు. టికెట్ సగానికి పడింది. మంగళవారం ఇంకా తక్కువ. మా వైపు మంగళవారం ఎవరూ ఇల్లు కదలరు, సీట్లు మిగిలిపోతాయి.

దానికి ప్రేమ్‌చంద్ ఒక దారి కనిపెట్టాడు. ప్రస్థానం. మంచిరోజు చూసి బ్యాగు ఇల్లు దాటించి వేరేచోట పెడితే మనిషి బయల్దేరినట్టే లెక్క. తర్వాత ఏ వారం కదిలినా దోషం లేదు. అందుకని ఆదివారం బ్యాగులు అతని షాపుకు వస్తాయి, మంగళవారం మనుషులు వస్తారు. మూడు నెలలుగా ఇదే బిజినెస్. నన్ను చూసినప్పుడల్లా, "సార్, జర పేపర్ల రాయకుండ్రి, నీలితోకోళ్లకు తెలుస్తది" అంటాడు.

సాయిలు ఇవాళ అందరి కాళ్లు మొక్కి, కొబ్బరికాయ కొట్టి ఇల్లు దాటాడు. ఇల్లు షాపు వెనక సందులోనే. ఫ్లైట్ లేదని తెలిసి, ఇంటికి పోదామని బ్యాగు అందుకోబోతే తల్లి నర్సవ్వ అడ్డం నిలబడింది. "గడప దాటినోనివి ఎన్కకు ఎట్లొస్తవురా? కాలు ఇరిగింది సాలదా నీకు?" అన్నది. సాయిలు బెంచీ మీద కూర్చున్నాడు. సాయంత్రం ఆఫీసు తాళం వేసి దిగేటప్పటికీ అక్కడే ఉన్నాడు.

7 బుధవారం

సాయిలు రాత్రి షాపులోనే పడుకున్నాడు. నీలితోకలో పదహారో తేదీ దాకా సీటు లేదు. నిన్న మిగిలిపోయిన వాళ్లంతా అటే ఎగబడ్డారు.

పసుపుతోక ఆఫీసుకు నేనే ఫోన్ చేశాను. అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. నిన్న నూట ఎనభై సీట్లకు ముప్పై ఒక్కరే బుక్ అయ్యారట. వచ్చే మంగళవారం నడుపుతారా అంటే, శనివారం బుకింగ్స్ చూసి చెబుతామంది. వాళ్ల మిగతా రోజుల ఫ్లైట్లు నిండిపోయాయి, సాయిలుకు మిగిలింది ఆ ఒక్క ఫ్లైటే.

8 గురువారం

బయల్దేరిన మనిషి ఆ ఇంటి పొయ్యి మీద వండింది తినకూడదని నర్సవ్వ తేల్చింది. సాయిలు భార్య గంగామణి మధ్యాహ్నానికల్లా కిరోసిన్ స్టౌ, రెండు గిన్నెలు షాపుకు తెచ్చింది. వెనకే బీడీల చాట, తునికాకు, తంబాకు కూడా. టికెట్ల బల్ల పక్కన కూర్చుని బీడీలు చేస్తోంది. లోపలికి రావడానికి గిరాకీలు మొహమాటపడుతున్నారని ప్రేమ్‌చంద్ గొణిగాడు. "నీ ఇమానం ఎగిరితే మేమెందుకు కూసుంటమన్నా గీడ?" అన్నది గంగామణి. అతను ఆమెకు టీ తెప్పించాడు.

కింది నుంచి నవ్వులు వినిపించాయి. సాయిలు ఆకు కత్తిరిస్తే వంకర పోతోందట. "షార్జాల గిట్లనే కట్టినవా బిల్డింగులు? అందుకే పడ్డవ్" అంటోంది గంగామణి.

టీకి కలిసినప్పుడు సాయిలు నాతో అన్నాడు, ఇంట్లో రెండు గదులకు ఎనిమిది మందిమి సార్ అని.

9 శుక్రవారం

సాయిలును, గంగామణిని లోపలే ఉంచి ప్రేమ్‌చంద్ షట్టర్ సగం దించి భోజనానికి పోయాడు. నాలుగు దాకా రాలేదు. ఆకలికి ఆగలేని మనిషి, రోజూ అరగంటలో తిని వచ్చేవాడు.

10 శనివారం

పొద్దున్నే ప్రేమ్‌చంద్ మోర్తాడ్ పోయాడు, డేవిడ్ దగ్గరికి. డేవిడ్ నీలితోక టికెట్లు అమ్ముతాడు. గిరాకీల కోసం ఇద్దరూ రెండేళ్లుగా కొట్లాడుకుంటున్నారు, ఎదురుపడితే చూపు తిప్పుకుంటారు. సీటు దొరక్క ఆగిపోయిన ప్యాసెంజర్లు డేవిడ్ దగ్గర ఉన్నారు, వాళ్లు వస్తే మంగళవారం ఫ్లైట్ నిండుతుంది.

జరిగింది ప్రేమ్‌చంద్ వచ్చి చెప్పాడు. గంటసేపు బయట కూర్చోబెట్టాక డేవిడ్ లోపలికి పిలిచి, "ప్రేమన్నా, మా చర్చి సంఘపోళ్లకు మంగళారం లేదు గింగళారం లేదు. గీ ముక్క నన్ను అడగనీకె నీకు ఇన్నొద్దులు పట్టిందా?" అన్నాడట. తన వాళ్లందరి పేర్లూ ఇచ్చాడు. ఇంకొన్ని పేర్ల కోసం భీమ్‌గల్ ఏజెంటుకు తనే ఫోన్ చేశాడు.

సాయంత్రం కంపెనీ చెప్పింది. మంగళవారం సాయంత్రం ఆరుకు ఫ్లైట్ ఉంది.

అందరం సంతోషపడేలోపు నర్సవ్వ ఇంకో మాట తెచ్చింది. ప్రస్థానం బలం ఏడు రోజులే. ఇవాళ్టితో నిండింది. బ్యాగు మళ్లీ ఇంటి నుంచి ఎల్లదీయాలి. ఎల్లదీయాలంటే ముందు ఇంట్లోకి రావాలి. రాకూడదు. ప్రేమ్‌చంద్ తల పట్టుకున్నాడు. ఇవన్నీ ఎవలు చూస్తుండ్రు పెద్దవ్వా అంటే ఆమె కోపం చేయలేదు. "పోయినసారి ఏం చూడకనే తోలిచ్చిన బిడ్డా. ఆడ పడ్డడు. మల్ల పడితే ఆడ లేపేటోళ్లు ఎవలున్నరు?" అన్నది.

తల్లి ఊ అనకుండా పోనన్నాడు సాయిలు. వీసా పోతే పోనీ అన్నాడు. ఆ మాటకు గంగామణి చాట పక్కకు పెట్టింది.

11 ఆదివారం

గంగామణి తెల్లారే సరికి షాపు ఊడ్చి, స్టౌ చుట్టూ ముగ్గు వేసింది. అత్తను పిలుచుకొచ్చింది. "పొయ్యి ఏడుంటే గదే ఇల్లు గాదా అత్తా? నాలుగొద్దులసంది నీ కొడుక్కు గీడనే వండుతున్న. గీ ఇంట్ల నుంచే బ్యాగు ఎల్లదీద్దాం, పైన సారు రూంల పెడ్దాం" అన్నది. నన్ను ముందుగా అడగలేదు.

నర్సవ్వ పంతులుకు ఫోన్ చేయించింది. వండి తిన్న చోటు ఇల్లే అవుతుంది, పెద్దలు కూడా తిని ఉండాలి అన్నాడాయన.

గంగామణి పళ్లెంలో అన్నం, పప్పు వడ్డించి అత్త ముందు పెట్టింది. నర్సవ్వ పళ్లెం వైపు చూసింది. విమానాల పోస్టర్ల వైపు చూసింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. "ఉప్పు తక్కువైంది" అన్నది. గంగామణి అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

పంతులు చెప్పిన వేళకు సాయిలు బ్యాగు ఎత్తుకుని నా మెట్లెక్కాడు. కుంటు ఇంకా కొంచెం ఉంది.

12 సోమవారం

బ్యాగును నేల మీద పెట్టొద్దట. నా కుర్చీలో ఉంది. పసుపు మార్కెట్ రేట్లు నేనే నేల మీద కూర్చుని రాసి పంపాను. చౌక విమానాల పోటీ మీద మా పేపరు డెస్క్ వాళ్లు వార్త అడిగారు. సీట్లు, టికెట్ ధరలు, క్యాన్సిల్ అయిన ఫ్లైట్ రాశాను. ప్రస్థానం రాయలేదు. ప్రేమ్‌చంద్ అడిగాడని కాదు.

13 మంగళవారం, ఉదయం 8

తొమ్మిదికి సుమో. సాయంత్రం ఆరుకు బేగంపేట నుంచి ఫ్లైట్. దిగాక ఫోన్ రాత్రి పదకొండు దాటి రావాలి. అప్పటిదాకా షట్టర్ దించడానికి వీల్లేదని గంగామణి ప్రేమ్‌చంద్‌కు చెప్పింది. భోజనాలు రాత్రి ఎనిమిదికి, షాపులోనే. డేవిడ్ కూడా వస్తున్నాడు.