బెల్వమ్మది ఏం గోత్రం?

వరంగల్, కాశిబుగ్గ,
పెత్రమాస తెల్లారి.

కీర్తిశేషులు రాయమల్లు భార్య మొగిలమ్మ, వయసు డెబ్బై ఆరు, వృత్తి పూలమ్ముడు, కోడలు అనసూయతో ఒకే పొయ్యి మీద బతుకుతూ, హైదరాబాదులో వకీలుగా ఉన్న మనుమరాలు సౌమ్యకు ఇష్టపూర్వకంగా రాయించునది ఏమనగా:

పోరీ! పోయినసారి వచ్చినప్పుడు మీ తాత పటం పక్కన ఎవరో తెల్లామె పటం తగిలిచ్చి పోయినవ్. "మా పెద్దామె, జర పైలం నాయినమ్మా" అన్నవ్. నిన్న పెత్రమాసకు పోయినోళ్ల పేర్ల మీద బియ్యం ఇచ్చిన. గోడ మీదామె ఉపాసముంటదా అని ఆమెకూ ఓ సోలెడు పోసిన. అయ్యగారు పేరు, గోత్రం అడిగిండు. పటం కిందున్న పేరు మీ అమ్మ చదివింది. గోత్రం నిన్నడిగి చెప్తనన్న.

మనింటి పెద్ద కాకుంటే ఎవరింటి పెద్ద? నాకు సమజైంది. పిల్లగాడెవడే? మాకు చెప్పకుండనే అత్తగారి పెద్దలను గోడకెక్కిస్తవా?

ఫోన్ చెయ్యకు. ఫోన్ల మాట గాలికి పోతది. కాగితం మీద చెప్పు.

మొగిలమ్మ ఎడమచేతి బొటనవేలి గుర్తు.
సాక్షులు: అనసూయ, రామలింగం.

తా.క.: ఈ ఉత్తరం రాసే రామలింగం బతుకంత జాగలు అమ్ముడు కాగితాలే రాసిండు. పొద్దటి సంది నీకు నాలుగు దిక్కుల హద్దులేందని అడుగుతాండు. ఇంకోటి, మార్కెట్ ముంగట నా పూలబండి తియ్యాలని నోటీసొచ్చింది. నువ్వు ఫికర్ చెయ్యకు.

* * *

హైదరాబాదు.

నాయినమ్మకు దండాలు.

పిల్లగాడు లేడు, అత్తగారిల్లూ లేదు. ఆమె బెల్వా లాక్‌వుడ్. అమెరికాల వకీలు. పోయి నూరేండ్లు దాటింది. చదువు అయిపోయినా ఆడదని పట్టా ఇయ్యకుంటే, దేశ ప్రెసిడెంటుకే గట్టిగ ఉత్తరం రాసింది. పెద్దకోర్టు "ఆడోళ్లు వాదించే రివాజు లేదు" అని వాపస్ పంపితే, చట్టం మారేదాక తిరిగి, మళ్ల అదే కోర్టుల నిలబడ్డది. మూడు చక్రాల సైకిల్ మీద తిరిగేది.

నాకు గంత గుండె లేదు. ఇన్నొద్దులు సీనియర్ ఫైళ్లు మోసిన. మొన్న మొదటిసారి జడ్జి ముందర నిలబడితే గొంతు పెగలలే. "నువ్వు బ్యాంకు పరీక్షలు రాసుకోమ్మా" అన్నడు సీనియర్, అందరూ వింటుండంగ. రాసుకుంట. నల్లకోటు మడిచి పెట్టేసిన.

నీ సౌమ్య.

తా.క.: ఆ పటం అటక మీద పెట్టు. ఆమె మొహం చూడలేను.

* * *

కాశిబుగ్గ.

పైన చెప్పిన మొగిలమ్మ, వయసు అదే, పొయ్యి అదే, రాయించునది ఏమనగా:

పటం తియ్య. మన బియ్యం తిన్న మనిషిని అటకెక్కిస్తమా? గోత్రం తెలువనోళ్లది కాశ్యప గోత్రమే అన్నడు అయ్యగారు. ఇగ బెల్వమ్మ మనింటిదే.

పూలబజార్ల ఆమె ముచ్చట చెప్పిన. అందరొచ్చి మొక్కిపోతాండ్లు. పక్క బండి ప్రేమలత అయితే, తన జాగ కేసు గెలిస్తే మేడారం జాతర్ల అమ్మలకిచ్చినట్టు తన బరువెత్తు బెల్లం ఇస్తనంది.

నీ సీనియర్ పేరు పంపు. ప్రెసిడెంటుకు రాయిస్తాన.

మొగిలమ్మ వేలిగుర్తు.
సాక్షులు: వాళ్లే.

తా.క.: ఏ దేశం ప్రెసిడెంటుకని అడుగుతాండు రామలింగం. ఇద్దరికీ రాయుమన్న.

* * *

హైదరాబాదు.

నాయినమ్మా, నీ కాళ్లు మొక్కుత. ప్రెసిడెంట్లకు రాయకు. సీనియర్ పేరు చెప్పను. ఆమె దేవత కాదు, మామూలు మనిషి. నేను వకీలునే కాదు. ఈ లొల్లి ఆపు.

సౌమ్య.

తా.క.: నోటీసు సంగతేమైంది? ఎవరన్న మంచి వకీలుకు అప్పజెప్పు. బండి లేకుంటే నువ్వుండలేవు.

* * *

కాశిబుగ్గ.

కీర్తిశేషులు రాయమల్లు భార్య మొగిలమ్మ, వయసు డెబ్బై ఆరు, కోడలితో ఒకే పొయ్యి, మనుమరాలు, అడ్వకేటు సౌమ్య పేరిట రాయించి ఇచ్చిన వకాల్తా ఏమనగా:

మంచి వకీలుకు అప్పజెప్పుమన్నవ్. అప్పజెప్పిన. నీకే.

ఇక్కడి భానుచందర్ వకీలు ఆ నోటీసు మీద కేసు దాఖలు చేసి పెట్టిండు. తనే వాదిస్తనన్నడు. వద్దు, నా వకీలు వస్తాందని చెప్పిన. సోమవారం హనుమకొండ కోర్టుల పేరు పిలుస్తరు. నువ్వు రాకుంటే నా బండి పోతది. ఇంకోళ్లను పెట్టుకోను.

గొంతు రాదన్నవ్. బండి పెట్టిన మొదటి దినం "మల్లెపూలు" అనే మాట నాకూ గొంతులనే ఆగింది బిడ్డా. తలకాయ వంచుకొని నిలబడ్డ. వాసనకు ఒకామె తనంతల తనే వచ్చి కొన్నది. తెల్లారి అరిచిన, ఇయ్యాల్టిదాక అరుస్తనే ఉన్న. బెల్వమ్మ మామూలు మనిషే అంటివి. మామూలు మనిషే గద ఆ కోర్టుకు మళ్ల పోయింది!

గెలుస్తవని కాదు. నువ్వు నిలబడుడు నేను చూడాలె. ఎనక బెంచీల కూసుంట.

తా.క.: సంతకం కంటే ముందే రాయిస్తాన. సాక్షులు ఎదురుంగ ఉండి చూడాలె, లేకుంటే కాగితం చెల్లదంటాండు రామలింగం. ఒకామె అయితే కన్నార్పకుండ చూస్తనే ఉన్నది.

మొగిలమ్మ ఎడమచేతి బొటనవేలి గుర్తు.

సాక్షులు:
అనసూయ.
రామలింగం.
బెల్వమ్మ, కాశ్యప గోత్రం, మా గోడ మీద.