చావింటి తిట్టు

చిపాటా,
14 జూన్ 2011

కోతిమాంసంతో పెరిగిన మహారాజశ్రీ డాక్టర్ చిసంగా కసోండె గారి దివ్యసముఖానికి, ఎలుకలు తినే టిసావుకే జెరే నమస్కరించి వ్రాయునది. తమరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను మాత్రం మండిపోతున్నాను.

మర్యాదలు ఇంతటితో సరి. చిసంగా, మన పరిశోధనా సంస్థ సంపుటానికి నేను పంపిన వ్యాసం నీ ఎర్రగీతలతో తిరిగొచ్చింది. మా అంగోనీల చావుకు మీ బెంబాలు వచ్చి ఏమేం తిడతారో రాస్తే, ఆ తిట్లన్నీ కొట్టేశావు. విదేశీ పరిశీలకుడెవరో చదివి, ఈ రెండు తెగల మధ్య ఇంత పగ ఉందా అని హడలిపోయాడట. ఆయనకు తెలియదు సరే, నీకేమొచ్చింది? ఒకప్పుడు ఈటెలతో పొడుచుకున్న మన తాతలు ఇక చాలనుకుని పరాచికాల చుట్టాలయ్యారనీ, చావింట్లో ఏడ్చేవాళ్లను నవ్వించే బాధ్యత ఆ చుట్టాలదేననీ నీకు నేను చెప్పాలా?

మా నాన్న శవపేటిక లేపబోతుంటే ఒక బెంబావాడు దాని మీద అడ్డంగా పడుకున్నాడనీ, లేవవయ్యా ముసలి పిల్లీ, దొంగనిద్ర చాల్లే, నువ్వు పోతే చిపాటా ఎలుకలన్నీ పండగ చేసుకుంటాయి అని అరిచాడనీ రాశాను. అది తీసేసి, బంధుమిత్రులు ఘనంగా నివాళులర్పించారు అని పెట్టావు. ఎక్కడి ఘనం, ఎవరి నివాళి? ఆ రోజు మా ఇంట్లో అలాంటిదేమీ జరగలేదు.

ఒప్పుకోకపోతే వ్యాసమే వేయనన్నావు. వేయకు. నీ దిద్దుబాట్ల కింద నేను సంతకం పెట్టను. వార్షిక సభలో నిలబడి, ఆ విదేశీయుడి ఎదురుగానే, ఒక్క తిట్టూ వదలకుండా చదువుతాను. మైకు ఆపేస్తే ఆపేయండి, నా గొంతు సంగతి నీకు తెలుసు.

మీ ఆవిడను అడిగానని చెప్పు. నీలాంటి కోతితో కాపురం చేస్తున్నందుకు ఆమె మీద నాకు ఎప్పుడూ జాలే.

ఇట్లు,
లొంగని
టిసావుకే

తా.క.: ఆ బెంబావాడి పేరు వ్యాసంలో రాయలేదు, ఉద్యోగంలో చిన్నతనమవుతుందని నువ్వు బతిమాలావు గనుక. నువ్వు పేటిక మీద పడి అలా అరిచినప్పుడే, అప్పటిదాకా రాయిలా కూర్చున్న మా అమ్మ పకపకా నవ్వింది, నవ్వి నవ్వి బావురుమంది. ఇక ఆమె బతుకుతుందని నాకు ధైర్యం వచ్చింది. నిన్న నన్ను అడిగింది, ఆ కోతులోడు ఇటు రావట్లేదేమే, గొప్పోడైపోయి మనల్ని తిట్టడం మానేశాడా అని. ఏం చెప్పమంటావు?