చేపగారి మర్యాద

బుజ్జీ,

నువ్వు శిక్షణకి వెళుతూ నాకప్పగించిన గోల్డ్‌ఫిష్ బతికే ఉంది, కంగారుపడకు. నేను దగ్గరికెళ్లినప్పుడల్లా పైకొచ్చి నోరు తెరుస్తుంటే, ఈ ఇంట్లో మర్యాద తెలిసింది దీనికొక్కదానికేనని మురిసిపోయి ప్రతిసారీ మేత వేశాను. నీళ్లు మసకబారాయి, చేప పక్కకి ఒరిగింది. చేపల కొట్టతన్ని పిలిపించాను.

“పలకరింపు కాదు మామ్మగారూ, ఊపిరాడక ఆయాసం! ఈ గాజుగిన్నె దానికేం సరిపోతుంది?” అన్నాడు.

అరవై లీటర్ల తొట్టి, గాలి పంపు నీ బల్లమీద పెట్టించాను. నీ పుస్తకాలు మంచం కింద ఉన్నాయి. మూడు రోజులుగా గడియారం ముందేసుకుని చూస్తున్నాను. మేతకి తప్ప పైకి రావడంలేదు. ఇంతకీ నిన్ను చూసి కూడా అలాగే నోరు తెరిచేదా?

ఇప్పుడది నా వంకైనా చూడదు. ఒకరు నన్ను పట్టించుకోనందుకు ఇంత సంతోషించడం నాకిదే మొదలు.

మీ అమ్మమ్మ