పండగకి చర్చి ముసుగు

అమ్మా,
నీ పరికిణీ చూసి పట్నంవాళ్లు నవ్వుతారని నా పట్టా సభకు రానన్నావట, అందుకే వెంటనే రాస్తున్నాను. నిన్న మన మెక్సికో చిత్రకారులు ఫ్రీదా, దియెగోల మీద కొత్త ఒపెరా చూశాను. ఫ్రీదాగా పాడినావిడ మన హుచితాన్ ఊరి పూల పరికిణీతో రాగానే హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. కానీ పండగ పాటకి లేసు ముసుగును చర్చికి వేసినట్టు ముఖం చుట్టూ వేసుకుంది. నాకు నవ్వాగలేదు.

"నవ్వుతావేంటే పిల్లా?" అంది పక్క సీటు పెద్దావిడ.

"పండగకి వెనక్కి వెయ్యాలండీ. మా అమ్మయితే స్టేజీ ఎక్కి సర్దేది!"

"అయితే తీసుకురావే ఆవిణ్ణి, మేమూ చూస్తాం."

ఆట అయ్యాక ఆ గాయని పరికిణీ మార్చేసుకుని ఉంటుంది. నువ్వు అలాంటిదాంట్లోనే చేపలమ్మి నన్ను చదివించావు.

అమ్మమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఎండురొయ్యలు తే. ముసుగు వెనక్కే వేసుకో, ఆ రోజు మనకి పండగ. జూన్ ఐదులోగా తమ్ముడితో జవాబు రాయించు.
నీ నయేలి