చూపు వెంట పోయే చెయ్యి

చంద్రగిరి,
ఆదివారం పొద్దున.

నాయనకు,

నీ చిన్న కూతురు కల్పన నమస్కరించి రాసేది. నేను బాగున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ ఆ ఉప్పుగాలికి ఇంకా దగ్గుతోందా? లతక్క పాప పాకుతోందా? అన్నీ రాయి. ఫోనుండగా ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోనైతే స్పీకర్లో పెట్టి ఇల్లంతా వింటారు. ఇది నువ్వొక్కడివే చదవాలి. అక్కకు చూపించవద్దు.

పాప పుట్టెంట్రుకలు తిరుమలలో తీయిస్తామని, మేనమామ లేడు కాబట్టి నా ఒళ్లోనే కూర్చోబెడతామని అక్క చెప్పింది. సరేనన్నాను. అన్నప్పటి నుంచీ భయంగా ఉంది. ఎందుకో చెప్పాలనే రాస్తున్నాను.

కోట అవతల, కొండ కింద విలువిద్య నేర్పే మైదానంలో పని అని నీకు తెలుసు. డిగ్రీ చదివి, బాణాలు గుచ్చుకునే గడ్డిదిమ్మలు మోస్తున్నానని అమ్మకు బాధ. మోసేది కొంచెమే. వచ్చినవాళ్లకు నిలబడటం నేర్పుతాను, బాణాలు ఏరుతాను. మన ఉప్పు సరస్సు మీద గాలి ఆగదు. ఇక్కడ సాయంత్రమైతే కొండ ఊపిరి బిగబట్టి మనల్ని చూస్తున్నట్టు ఉంటుంది. నాతో పనిచేసే దేవి సంగటి వండుతుంది. తింటున్నాను, నిజంగానే తింటున్నాను. ఇటు ఎవరైనా వస్తుంటే కాసిని ఎండురొయ్యలు పంపించు.

నేర్పేది మస్తాన్ తాత. విళ్లు చేయడం వాళ్లింటి పని. ఆయన విద్యలో గురి కట్టడం ఉండదు. బాణం మొన వైపు చూడకూడదు, దూరం అంచనా వేయకూడదు. తగలాల్సిన చోటును, అదీ చింతగింజంత చోటును, చూడాలి. చెయ్యి దానంతట అదే అక్కడికి పోతుంది.

"నువ్వు కొట్టొద్దు మే. నువ్వు సూడు. అది కొడతాది" అంటాడు.

నీకిది వింత కాదు. వల విసిరేటప్పుడు నువ్వేం లెక్క వేస్తావు? నాకూ తొందరగానే పట్టుబడింది. మొదట సంతోషించాను.

మైదానంలో ఒక కట్టుబాటు ఉంది. బాణాలు ఏరడానికి ఒక్కరు ముందుకు పోయినా మిగతా అందరూ విళ్లు నేల మీద పెట్టి వెనక్కి జరగాలి. పోయిన నెల ఒక సాయంత్రం దేవి చెప్పకుండా దిమ్మ వెనక్కి పోయింది. అందరూ వెళ్లిపోయారనుకుని నేను నారి లాగాను. దిమ్మ పక్కన ఎర్ర చున్నీ అంచు ఊగింది. చూశాను. అంతే, చూశాను. వదలాలని నేను అనుకోలేదు. బాణం ఆ చున్నీని దిమ్మకు కుట్టేసింది.

దేవి అరవలేదు. ఇవతలికి వచ్చి చున్నీ లాక్కుంటూ, "ఏం మే, నన్నెందుకు సూసినావు?" అంది.

ఎందుకు కొట్టావని కాదు నాయనా, ఎందుకు చూశావని అడిగింది.

అప్పటి నుంచి దేన్నైనా ఇష్టంగా నిలిపి చూస్తే నా కుడిచేతి వేళ్లు వాటంతట అవే విచ్చుకుంటున్నాయి. వెన్నెల చూస్తుంటే టీ గ్లాసు జారిపోయింది. బస్సులో నీలాగే తలగుడ్డ చుట్టిన మనిషి కనిపిస్తే టికెట్ కింద పడింది. డాక్టరుకు చూపించాను. నరాలు బాగున్నాయన్నాడు.

మస్తాన్ తాతకు చెప్పాను. "ఇడిసేది అందరికీ వస్తాది. లాగినాక మళ్లా దించేదే రావాల" అని, బాణం లేకుండా విల్లు చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాడు. బాణం లేకుండా నారి వదిలితే విల్లు పగులుతుంది. అది వాళ్ల నాయన చేసిన విల్లు.

"నన్నే సూడు" అన్నాడు. చూస్తూ లాగాను. వేళ్లు విచ్చుకోబోయాయి. ఆయన మాత్రం మామూలుగా, "నిన్న మీ దేవి కూరలో ఉప్పేసినాదా, మీ ఉప్పు సరస్సునే వంపినాదా?" అన్నాడు. నవ్వొచ్చింది. మెల్లగా దించాను. తరవాత రోజూ దించగలిగాను. నయమైందనుకున్నాను.

మొన్న మీరు పాప ఫోటో పంపారు కదా. ఫోనును దిమ్మకు ఆనించి, పాపను చూస్తూ అదే విల్లును బాణం లేకుండా లాగాను. పాప నవ్వుతోంది. ఇంకా చూస్తూనే ఉన్నాను, ఎముక విరిగినట్టు చప్పుడైంది. విల్లు నిలువునా చీలింది.

తాత తిట్టలేదు. చీలిక మీద బొటనవేలు నడిపి, "ఎవర్ని సూసినావు?" అన్నాడు. చెప్పాను. ఒళ్లో కూర్చోబెట్టుకునే సంగతీ చెప్పాను.

"ఆ పొద్దు చేతిలో విల్లుండదు గదమ్మా" అన్నాడు.

"విల్లుండదు తాతా. బిడ్డుంటుంది" అన్నాను.

ఆయన చీలిన విల్లును గుడ్డలో చుట్టుకుని ఇంటికి పోయాడు.

రావద్దని రాద్దామనుకున్నాను. కారణం అడిగితే అక్కకు ఏం చెప్పను? నిజం చెబితే ఇంకెప్పుడూ పాపను నా చేతికివ్వదు. అందుకే రండి. అమ్మకు, బావకు నమస్కారాలు చెప్పు. పాపకు నా ముద్దు అమ్మ చేత పెట్టించు.

పాపను నా ఒళ్లోనే కూర్చోబెట్టండి. నువ్వు మాత్రం నా వెనకే కూర్చో. నా చేతుల మీద నీ చేతులు వేసి గట్టిగా పట్టుకో. ఎవరు నవ్వినా తియ్యొద్దు. కత్తి పని అయ్యేదాకా పాప వైపు చూడకుండా ఉండటానికే ప్రయత్నిస్తాను. కానీ అది తల తిప్పి నవ్వితే చూస్తాను నాయనా, చూడకుండా ఉండలేను. అప్పుడు నేను వదిలినా నువ్వు వదలవద్దు.

నీ దీవెన తల మీద కన్నా చేతుల మీద కోరుకునే
నీ చిన్న కూతురు,
కల్పన