అయిదు మీది చుక్క

చంద్రపూర్,
ఆదివారం సాయంత్రం

ప్రభువునందు ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు సువార్త వందనాలతో రాస్తున్నది. నువ్వు, బావగారు, పిల్లలు అందరూ క్షేమమని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బెల్లంపల్లిలో ఎండలు ఎట్లున్నాయి? దేవుని కృప వల్ల మేము కూడా బాగానే ఉన్నాము. అట్లా రాయడం అలవాటు గనుక రాశాను. నువ్వు మాత్రం కంగారుపడకుండా చివరిదాకా చదువు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. మాకున్నవి రెండు గదులు, ఫోన్‌లో ఏం మాట్లాడినా మీ మరిదికి వినపడుతుంది. ఇప్పుడు కూడా నా ఎదురుగా మంచం మీద కూర్చున్నాడు. ఏం రాస్తున్నావంటే, అక్కకు పచ్చళ్ళ సంగతి రాస్తున్నానని చెప్పాను. ఇదివరకైతే నా చేతిలోంచి లాక్కుని చదివేవాడు.

ఇక్కడి ఎండ సంగతి చెప్పనక్కరలేదు. బొగ్గు మనకు కొత్త కాదు గానీ ఇక్కడ ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిద రంగుకొస్తుంది. పప్పులో పులుపు వెయ్యరు, బెల్లం వేస్తారు. పక్కింటి ఆమె ప్రేమగా గిన్నె పంపిస్తే కాదనలేక తింటాము. చింతపండు అయిపోవచ్చింది, ఎవరైనా ఇటు వస్తే కొంచెం పంపు. మా చర్చిలో అందరూ మన తెలుగువాళ్ళే, ఆ ఒక్క పూట మాత్రం పరాయిచోట ఉన్నట్టు అనిపించదు.

ఇక అసలు సంగతి. మా గ్రేసీ జట్‌పురా గేటు దగ్గర మొబైల్ షాపులో కుదిరిందని చెప్పాను కదా. తొలి జీతంతో వాళ్ళ నాన్నకు టచ్ ఫోన్ కొన్నది. మీ మరిది దాన్ని ఒక్కసారి అటూ ఇటూ తిప్పి, "బొగ్గు చేతులకు అద్దం ఏడ పలుకుతది బిడ్డా" అని బీరువాలో పెట్టేశాడు. పిల్ల మొహం చిన్నబోయింది. టిప్పర్ డ్రైవర్లందరికీ డ్యూటీ కబుర్లు ఇప్పుడు టచ్ ఫోన్‌లోకే వస్తాయి. ఈయన ఒక్కడే ఆ పాత బటన్ల డబ్బా పట్టుకుని, పక్కవాళ్ళను అడిగి తెలుసుకుంటాడు. నేనూ ఊరుకోలేదు, ముసలి మొండితనం అప్పుడే వచ్చిందా అని ఎత్తిపొడిచాను.

ఆ పాత ఫోన్ మీద అంకెలన్నీ అరిగి తెల్లబడిపోయాయి. చివరికి గ్రేసీయే తగ్గి (ఇక్కడి పిల్లల్లాగే నాన్నను బాబా అంటుంది), "పోనీ బాబా, నీ డబ్బానే బాగు చేయిస్త" అని షాపుకు తీసుకుపోయి కొత్త బటన్లు వేయించింది. పెద్ద పెద్ద నల్లటి అంకెలు, నాకే ముచ్చటేసింది. మర్నాడు డ్యూటీ నుంచి ఆయన నాకు చేసిన ఫోన్ వరోరాలో ఎవరో పప్పుల వ్యాపారికి పోయిందట. మూడుసార్లూ ఆ వ్యాపారికే పోయింది. మూడోసారి ఆ మనిషి బూతులు తిట్టాడట.

ఇంటికొచ్చి ఫోన్ మంచం మీద విసిరేశాడు. "చుక్క ఏది? అయిదు మీద చుక్కుండాలె గద, ఏమైంది?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఇన్నేళ్ళు బటన్ల ఫోన్ వాడాను, అయిదు మీద చిన్న బొడిపె ఉంటుందని నాకు తెలియనే తెలియదు. తడిమి చూస్తే ఈ కొత్త బటన్ల మీద అది లేదు. కళ్ళున్నవాళ్ళకు దాని పనేముంది? అప్పుడు తట్టింది. ఆయనను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మూడు వేళ్ళు చూపించాను. ఎన్ని అని అడిగితే చాలాసేపు నా చేతి వైపు చూశాడు. "నడుమల అంత మబ్బున్నట్టు ఉంటది సువార్తా. అంచులు కనబడ్తయి" అన్నాడు. షుగర్ కళ్ళకెక్కింది. ఎప్పటి నుంచో ఉన్నా నాకు చెప్పలేదు. "బటన్ అయితె వేలికి జవాబిస్తది. గా అద్దం మీద వేలు పెడితె నేను ఏడున్ననో నాకే తెల్వది" అన్నాడు.

టచ్ ఫోన్‌లో కూడా అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, అది చదివి వినిపిస్తుంది కూడా అని గ్రేసీ షాపు కబుర్లలో అంటూ ఉంటుంది. నిజమే కావచ్చు. కానీ అట్లా అడగాలంటే ముందు కనబడటం లేదని నోరు విప్పి చెప్పాలి కదా.

అక్కా, ఈ మనిషి రోజూ బొగ్గు టిప్పర్ నడుపుతున్నాడు. ఆ రోడ్డు మీద బడి పిల్లలు సైకిళ్ళ మీద పోతారు. "కొన్ని దినాలే, ఎవ్వలకు చెప్పకు" అని నా చేతులు పట్టుకున్నాడు. నేను ఒప్పుకున్నాను. వారం నుంచి రోడ్డు మీద హారన్ వినబడితే చాలు గుమ్మంలోకి పరుగెత్తుతున్నాను. బండి ఆపితే ఇల్లు గడవదు, ఆపకపోతే ఎవరి ఇంటి దీపం ఆరిపోతుందో. ఏం చెయ్యాలో చెప్పు అక్కా.

ఇక్కడిదాకా రాసి కలం కింద పెట్టాను. ఆయన ఎదురుగానే ఉన్నాడు, కాగితం వైపు చూస్తూనే ఉన్నాడు, ఒక్క ముక్క తెలియడం లేదు. ఆయన కళ్ళ ముందే ఆయన మీద చాటుగా రాస్తున్నానని నాకు సిగ్గేసింది. మొదటి నుంచి అంతా పైకి చదివాను. పచ్చళ్ళ అబద్ధం కూడా చదివాను.

ఆయన మంచం దిగాడు. తర్వాత ఫోన్ తీసుకుని మూల నుంచి ఒక్కో బటన్ తడిమి లెక్కపెట్టుకుంటూ నొక్కాడు. రాంగ్ నంబర్. "నువ్వే నొక్కు" అని నాకిచ్చాడు. టిప్పర్లు నడిపించే ఠేకేదారు, అదే కాంట్రాక్టరు, మనిషి నంబరు నేనే నొక్కాను. "సాబ్, రేపటి సంది బండి ఎక్క. నాకు కండ్లు కనబడ్తలేవు" అని మరాఠీలో చెప్పాడు.  ఫోన్ పెట్టేసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. గ్రేసీకి ఇంకా తెలియదు, ఇంటికి రాగానే చెప్తాను. రేపు ముగ్గురం కంటి డాక్టరు దగ్గరికి పోతాము. తర్వాత బతుకు ఎట్లనో దేవునికే తెలియాలి.

మా కోసం ప్రార్థన చెయ్యండి. బావగారికి నా వందనాలు, పిల్లలకు ముద్దులు. పెద్దవాళ్ళు మీరిద్దరూ మమ్మల్ని దీవించండి.

ఒక్క పని చేసిపెట్టు అక్కా. అక్కడ పాత రకం బటన్ల ఫోన్ దొరికితే ఒకటి తీసుకో. షాపువాడి మాట నమ్మకు. కళ్ళు మూసుకుని, అయిదు మీద చుక్క నీ వేలికి తగిలితేనే కొను.

నీ చెల్లెలు,
సువార్త